ఫొటో షార్ప్‌గా రావడం లేదా? తేడా లెన్స్‌కు ముందుందో, వెనకుందో ఇలా కనిపెట్టండి

“50 మి.మీ. లెన్స్ కొన్నాను. వెనకాల బ్లర్ బ్రహ్మాండంగా వస్తోంది కానీ పెళ్లికూతురి కన్ను మాత్రం షార్ప్‌గా రావడం లేదు. ఇది డెప్త్ ఆఫ్ ఫీల్డ్ సమస్యా, డెప్త్ ఆఫ్ ఫోకస్ సమస్యా? అసలు రెండూ ఒకటేనా?”

విజయనగరంలో పెళ్లిళ్లు తీసేవారి నుంచి, శ్రీకాకుళంలో కొత్తగా కెమెరా పట్టిన విద్యార్థుల నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవారిలో చాలామంది అప్పటికే ఇంకో లెన్స్ బేరమాడుతూ ఉంటారు. దయచేసి ఆగండి. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పూట ఈ పరీక్షలకు కేటాయించండి.

రెండూ ఒకటి కావు. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ లెన్స్‌కు ముందు, అంటే మీరు ఫొటో తీస్తున్న మనిషి వైపు ఉంటుంది. ఫోకస్ చేసిన చోటికి కాస్త ముందు నుంచి కాస్త వెనక దాకా ఎంత మేర స్పష్టంగా కనిపిస్తుందో అదే. దాన్ని సెంటీమీటర్లలో, మీటర్లలో కొలుస్తాం. డెప్త్ ఆఫ్ ఫోకస్ లెన్స్‌కు వెనక, కెమెరా లోపల ఉంటుంది. లెన్స్ బొమ్మను కూర్చే చోటుకు సెన్సర్ ఎంత అటూ ఇటూ అయినా ఫొటో చెడకుండా ఉంటుందో ఆ వెసులుబాటు అది. ఇక్కడి నుంచి వీటిని ఫీల్డ్ లోతు, ఫోకస్ లోతు అని రాస్తాను.

లెక్క ఒక్కటి తెలిస్తే చాలు. ఎఫ్ నంబరును (లెన్స్ లోపలి రంధ్రం, అంటే ఎపర్చర్, ఎంత తెరుచుకుందో చెప్పే అంకె; అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది), సెన్సర్ మీద కంటికి ఆనని బ్లర్ కొలతను గుణించి, రెట్టింపు చేస్తే ఫోకస్ లోతు వస్తుంది. మన దగ్గర ఎక్కువమంది వాడే, సెన్సర్ కాస్త చిన్నగా ఉండే ఏపీఎస్‌-సి కెమెరాలకు ఆ బ్లర్ కొలతను 0.02 మి.మీ. అనుకుంటారు. ఆ లెక్కన ఎఫ్/1.8 దగ్గర ఫోకస్ లోతు 0.072 మి.మీ., అంటే దాదాపు తల వెంట్రుకంత మందం. ఎఫ్/8 దగ్గర 0.32 మి.మీ.

ఈ చిన్న కొలత మీ ఫొటోను ఎలా చెడగొడుతుందో చూడండి. 50 మి.మీ. లెన్స్‌తో 2 మీటర్ల దూరంలోని మనిషిని తీస్తున్నారు. కెమెరా లోపల 0.05 మి.మీ. తేడా వచ్చింది. అదే బయట, మనిషి వైపు దాదాపు 7.5 సెం.మీ. తేడా అవుతుంది. కంటి మీద పడాల్సిన ఫోకస్ చెవి మీద పడుతుంది. ఫీల్డ్ లోతు చాలకపోతే ఎపర్చర్ మార్చో, నాలుగడుగులు వెనక్కి వేసో మీరే సరిచేసుకోవచ్చు. ఫోకస్ లోతు దాటిన తేడా అయితే మీరు ఎక్కడ నిలబడినా అది మీ వెంటే వస్తుంది.

కావలసినవి

- ఎపర్చర్‌ను మీరే మార్చుకోగల కెమెరా
- ఎఫ్/1.8 లేదా ఎఫ్/2.8 వరకు తెరుచుకునే లెన్స్. 18-55 లెన్స్ ఒక్కటే ఉన్నా పరీక్ష జరుగుతుంది కానీ తేడా అంత కొట్టొచ్చినట్టు కనిపించదు
- ట్రైపాడ్. లేకపోతే గట్టి స్టూలు, దాని మీద మడత పెట్టిన తువ్వాలు
- 30 సెం.మీ. స్కేలు, కొలిచే టేపు, ఒక దినపత్రిక, రెండు అట్టముక్కలు
- పగటి వెలుతురు. ట్యూబులైటు కింద ఈ పరీక్ష చేయకండి

మొదలుపెడదాం

1. ముందు వణుకును, మసకను తొలగించండి. ట్రైపాడ్ మీద పెట్టి 2 సెకన్ల టైమర్‌తో తీయండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఉంటే ఆపేయండి. చేతితోనే తీయాల్సి వస్తే షట్టర్ 1/250 కంటే తగ్గకూడదు. లెన్స్ ముందు గాజును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. బారువలోనో కళింగపట్నంలోనో సముద్రం ఒడ్డున తిరిగి వచ్చిన లెన్స్ మీద ఉప్పుతేమ పలచటి పొరలా అంటుకుని ఉంటుంది. దాన్ని తుడవకుండా చేసే పరీక్షకు విలువ లేదు. పొడిగుడ్డతో గట్టిగా రుద్దకండి. ముందు బ్లోయర్‌తో ఇసుక రేణువులు ఊదేసి, తర్వాత లెన్స్ ద్రవంతో తుడవండి.

2. ఫీల్డ్ లోతును మీ కళ్లతో చూడండి. పుస్తకంలో బొమ్మ చూస్తే ఇది ఒంటబట్టదు. వరసగా దూరమయ్యే గుర్తులున్న వస్తువు కావాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానును తొలిచి చేసే వీణను మించిన వస్తువు ఇందుకు నాకు కనిపించలేదు. దండి (వీణ పొడవాటి మెడ) మీద 24 మెట్లు వరసగా ఉంటాయి, ప్రతి మెట్టు మీదా లోహం మెరుపు ఉంటుంది, కింద నల్లమైనం ఉంటుంది. మెరుపుకూ నలుపుకూ మధ్య అంచు ఎక్కడ తెగినట్టుందో, ఎక్కడ అలుక్కుపోయిందో ఇట్టే తెలిసిపోతుంది.

దండి చివర చెక్కిన యాళి ముఖం వైపు నుంచి, కాస్త ఎత్తులో, దండి పొడవునా కుండ (వీణ గుండ్రటి భాగం) వైపు చూసేలా కెమెరా పెట్టండి. ఏడో మెట్టు 1 మీటరు దూరంలో ఉండేలా టేపుతో కొలవండి. ఫోకస్ ఆ మెట్టు మీద పెట్టి ఎఫ్/1.8, ఎఫ్/4, ఎఫ్/8లలో మూడు ఫొటోలు తీయండి. 50 మి.మీ. లెన్స్‌కు ఎఫ్/1.8 దగ్గర ఫీల్డ్ లోతు 3 సెం.మీ. కూడా ఉండదు. ఆ ఒక్క మెట్టూ నిలిచి, పక్క మెట్లు కరగడం మొదలవుతుంది. ఎఫ్/8 దగ్గర అది దాదాపు 12 సెం.మీ. అవుతుంది, నాలుగైదు మెట్లు తేటపడతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మెట్లు లెక్కపెట్టి “ముందు ఇంత, వెనక ఇంత” అని తేల్చేయకండి. వీణ మీద మెట్ల మధ్య దూరం సమానంగా ఉండదు. కుండ వైపు వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి. మొదటి 12 మెట్లు తీసుకునే చోటులో సగమే తర్వాతి 12 తీసుకుంటాయి. అందుకే వెనకవైపు ఎక్కువ మెట్లు స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తుంది. దండి పక్కన టేపు పరిచి సెంటీమీటర్లలోనే చదవండి. మరో మాట: వేడెక్కే లైట్లు వీణకు దగ్గరగా పెట్టకండి. మైనం మెత్తబడి మెట్టు కదిలితే మేళం, అంటే మెట్లను శ్రుతికి అమర్చిన తీరు, మొత్తం తప్పుతుంది. మెట్లు అమర్చినవారి శ్రమను ఫొటో కోసం పాడుచేయకూడదు.

వీణ అందుబాటులో లేకపోతే గచ్చు మీద టేపు పరిచి, మోకాళ్ల ఎత్తు నుంచి తీయండి. ఇటుక గోడ పొడవునా చూసినా సరిపోతుంది.

3. మీరు తీసే ఫొటోకు ఎంత లోతు కావాలో ముందే లెక్కగట్టండి. కింది అంకెలన్నీ ఏపీఎస్‌-సి కెమెరాకు, దాదాపుగా చెప్పినవి.

పెళ్లి వేదిక మీద మూడు వరసల బృందం, 35 మి.మీ. లెన్స్, మొదటి వరసకు కాస్త వెనకగా 4 మీటర్ల దగ్గర ఫోకస్: ఎఫ్/2.8 అయితే స్పష్టత 3.4 నుంచి 4.9 మీటర్ల వరకే. మూడో వరసలో నిలబడ్డ పెదనాన్నలు, మేనత్తలు మసకేస్తారు. ఎఫ్/5.6 పెడితే 2.9 నుంచి 6.3 మీటర్ల వరకు వస్తుంది. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ పెంచండి, ఎపర్చర్ తెరవకండి. నాయిస్‌ను తర్వాత కొంత తగ్గించవచ్చు, మసకేసిన ముఖాన్ని తిరిగి తేలేం.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం: మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట వరకు సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. మాను చివర కూర్చున్న పూజారిని 200 మి.మీ. లెన్స్‌తో 30 మీటర్ల దూరం నుంచి ఎఫ్/4లో తీస్తే ఫీల్డ్ లోతు మూడున్నర మీటర్లు. పూజారికి అది చాలు. మాను పొడవంతా, లాగేవారితో సహా రావాలంటే చాలదు. ఎఫ్/8 పెట్టినా 7 మీటర్లు దాటి కొద్దిగానే వస్తుంది. మాను మీకు ఎదురుగా వస్తున్నప్పుడు కాకుండా, మీ ముందు నుంచి అడ్డంగా సాగేటప్పుడు తీయండి. అప్పుడు పొడవంతా దాదాపు ఒకే దూరంలో ఉంటుంది. ఎపర్చర్‌తో కానిది నిలబడే చోటుతో అవుతుంది.

తేలినీలాపురంలో చెట్ల మీద కొంగలు, గూడబాతులు: 250 మి.మీ., ఎఫ్/5.6, 20 మీటర్ల దూరం అయితే దాదాపు 1.4 మీటర్లు. పక్షికి సరిపోతుంది. కానీ ముందున్న కొమ్మను కెమెరా పట్టుకుంటే పక్షి పోతుంది. ఒకే ఫోకస్ పాయింట్ ఎంచుకోండి.

4. ఇప్పుడు కెమెరా లోపలి తేడాను పరీక్షించండి. దినపత్రికలో సన్న అక్షరాలున్న ముక్కను ఒక అట్టకు అంటించి, కెమెరాకు సరిగ్గా ఎదురుగా నిటారుగా నిలబెట్టండి. దాని పక్కనే స్కేలును 45 డిగ్రీల వాలులో పెట్టండి. స్కేలు మధ్య గుర్తు, 15 సెం.మీ., అట్టకు సమానమైన దూరంలో ఉండాలి. కెమెరా అట్టకు 2 మీటర్ల దూరంలో ఉండాలి. ఎఫ్/1.8 పెట్టి, మధ్య ఫోకస్ పాయింట్‌తో అట్ట మీది అక్షరాలపై ఫోకస్ చేయండి.

వాలుగా ఉన్న స్కేలు మీద నేరుగా ఫోకస్ చేయకండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న గడి కంటే అసలు ఫోకస్ పాయింట్ పెద్దదిగా ఉండొచ్చు. స్కేలు మీద అది ఏ గీతను పట్టుకుందో మీకు తెలియదు.

ఒక్క ఫొటోతో తేల్చకండి. ప్రతిసారీ లెన్స్ ఫోకస్‌ను పూర్తిగా చెదరగొట్టి, మళ్లీ ఫోకస్ చేసి, కనీసం ఆరు ఫొటోలు తీయండి. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పడుతుంటే అది ఆటోఫోకస్ తడబాటు. వెలుతురు పెంచి మళ్లీ చూడండి. అన్నీ ఒకే వైపు పడుతుంటేనే సర్దుబాటు తేడా.

ఫలితం ఇలా చూడండి: ఈ దూరంలో ఫీల్డ్ లోతు దాదాపు 11 సెం.మీ. వాలు స్కేలు మీద అది మధ్య గుర్తుకు ముందు 8, వెనక 8 సెం.మీ.గా కనిపించాలి. కంప్యూటర్‌లో పూర్తిగా పెద్దది చేసి చూస్తే ఈ మేర ఇంకా ఇరుకుగా కనిపిస్తుంది, దానికి కంగారు పడొద్దు. ముందూ వెనకా సమానంగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం.

5. అదే ఫొటోను లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద చూస్తూ తీయండి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్‌తో చూసేటప్పుడు ఫోకస్ కొలిచేది వేరే సెన్సర్. కాంతి అద్దం మీద నుంచి అక్కడికి వెళుతుంది. ఆ దారీ, ఫొటో పడే సెన్సర్ దారీ వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా ఉండాలి. లైవ్ వ్యూలో ఫోకస్ ఫొటో పడే సెన్సర్ మీదే జరుగుతుంది కాబట్టి ఆ తేడా రాదు.

- లైవ్ వ్యూలో షార్ప్, వ్యూఫైండర్‌తో మసక: తేడా కెమెరా లోపల. కింద 6వ దశకు వెళ్లండి.
- రెండింటిలోనూ షార్ప్: కెమెరా, లెన్స్ బాగున్నాయి. మీ ఎపర్చర్, దూరం, ఫోకస్ పెట్టే పద్ధతి చూసుకోండి.
- రెండింటిలోనూ మసక: వణుకో, లెన్స్‌లో ఫంగస్సో, లెన్స్ గాజులు పక్కకు జరగడమో. కింద 7వ దశ చూడండి.

మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవారికి ఈ పోలిక అక్కర్లేదు. అక్కడ ఫోకస్ ఎప్పుడూ సెన్సర్ మీదే.

6. సరిచేయండి. కెమెరా మెనూలో ఆటోఫోకస్ సర్దుబాటు ఉందేమో చూడండి. కెనాన్ 7డి, 70డి, 80డి, 6డి వంటివాటిలో, నికాన్ డి7000 వరస, డి750లలో ఉంటుంది. నికాన్ డి3000, డి5000 వరసల్లో ఉండదు. ఫోకస్ అట్టకు ముందు పడుతుంటే ప్లస్ వైపు, వెనక పడుతుంటే మైనస్ వైపు జరపండి. రెండు కంపెనీల్లోనూ 20 వరకు అటూ ఇటూ వెళ్లొచ్చు. ఐదేసి అంకెలు జరుపుతూ పరీక్షించి, దగ్గరపడ్డాక ఒక్కొక్కటిగా జరపండి. ఈ అంకె ఆ లెన్స్‌కు మాత్రమే. ఇంకో లెన్స్‌కు మళ్లీ చేయాలి.

మెనూలో ఈ సదుపాయం లేకపోతే నిదానంగా తీసే ఫొటోలకు లైవ్ వ్యూ వాడండి. హడావుడిగా తీసేవాటికి ఎఫ్/2.8 లేదా ఎఫ్/4 పెట్టండి. ఎపర్చర్ మూసేకొద్దీ ముందు ఫీల్డ్ లోతు, వెనక ఫోకస్ లోతు రెండూ పెరుగుతాయి కాబట్టి తేడా కప్పబడిపోతుంది. “ఎఫ్/8లో అన్నీ బాగున్నాయి, ఎఫ్/1.8లోనే చెడుతున్నాయి” అనేవారి కెమెరాలో జరిగేది చాలాసార్లు ఇదే. జబ్బు నయం కాలేదు, కనిపించకుండా పోయింది.

7. గోడ పరీక్ష చేయండి. ఇటుక గోడకు సరిగ్గా ఎదురుగా కెమెరా పెట్టి, ఎఫ్/1.8లో తీయండి. గోడకు రెండు చివర్లా టేపుతో దూరం కొలిచి సమానంగా ఉండేలా చూసుకోండి. ఫొటోలో ఒక పక్క షార్ప్‌గా, రెండో పక్క మసకగా ఉంటే కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. మసక గోడలో అదే పక్కన ఉంటే మీరు కెమెరాను వంకరగా పెట్టారు. గోడ మీద రెండో పక్కకు మారితే లెన్సో, మౌంటో (కెమెరాకు లెన్స్ బిగించే వలయం), సెన్సరో ఒరిగి ఉంది. సెన్సర్ రెండు అంచుల మధ్య పదో వంతు మిల్లీమీటరు ఒరుగుదల కూడా ఎఫ్/1.8 ఫోకస్ లోతు కంటే ఎక్కువే. కింద పడిన లెన్స్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు డబ్బు ఇచ్చే ముందే ఈ పరీక్ష చేసుకోవాలి.

అడాప్టర్ వాడేవారికి

పాత నికాన్ మాన్యువల్ లెన్స్‌ను సోనీ మిర్రర్‌లెస్‌కు తగిలించేవారు ఈమధ్య పెరిగారు. నికాన్ ఎఫ్ మౌంటు నుంచి సెన్సర్‌కు దూరం 46.5 మి.మీ., సోనీ ఇ మౌంటుకు 18 మి.మీ. మధ్యలో అడాప్టర్ సరిగ్గా 28.5 మి.మీ. ఉండాలి. చవక అడాప్టర్ 0.1 మి.మీ. మందంగా ఉందనుకోండి. 50 మి.మీ. లెన్స్ 25 మీటర్లకు మించి ఫోకస్ కాదు. 24 మి.మీ. లెన్స్ అయితే 6 మీటర్లు కూడా దాటదు! వైడ్ లెన్స్‌కు ఫీల్డ్ లోతు ఎక్కువ కదా, ఫోకస్ తేడా పట్టించుకోనక్కర్లేదు అనుకునేవారికి ఇది అర్థం కావాలి. ముందు వైపు ఉదారంగా ఉండే లెన్సే వెనక వైపు అస్సలు మన్నించదు.

పరీక్ష సులువు. కళింగపట్నం లైట్‌హౌస్‌ను దూరం నుంచి ఎఫ్/2.8లో, ఫోకస్ రింగును అనంతం గుర్తు దాకా తిప్పి తీయండి. తర్వాత ఎఫ్/8లో తీయండి. మొదటిది మసకగా, రెండోది షార్ప్‌గా ఉంటే తేడా అడాప్టర్‌దే కావచ్చు. ఖాయం చేసుకోవడానికి ఫోకస్ రింగును కొద్దిగా దగ్గరి వైపు తిప్పి ఎఫ్/2.8లోనే మళ్లీ తీయండి. బాగుపడితే అడాప్టర్ పలచగా ఉంది, దానితో పనికానివ్వొచ్చు. ఇంకా చెడితే మందంగా ఉంది; మార్చేయండి.

మరీ దగ్గరగా తీసేవారికి

పొందూరు ఖాదీ నూలుపోగును, ఏకులు చేయడానికి ముందు పత్తిని శుభ్రం చేసే వాలుగ చేప దవడ పళ్లను మాక్రో లెన్స్‌తో తీయాలనుకునేవారికి లెక్క మారుతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ ఫీల్డ్ లోతు తరిగిపోతుంది, ఫోకస్ లోతు మాత్రం పెరుగుతుంది. వస్తువు అసలు సైజులో సగంగా సెన్సర్ మీద పడినప్పుడు ఎఫ్/8లో ఫీల్డ్ లోతు 1.9 మి.మీ., ఫోకస్ లోతు 0.48 మి.మీ. సరిగ్గా అసలు సైజులో పడినప్పుడు రెండూ సమానం: 0.64 మి.మీ. ఇక్కడ కెమెరా సర్దుబాటు మీద అనుమానం పెట్టుకోకండి. లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌లో ఉంచి, కెమెరానే మిల్లీమీటరులో సగం చొప్పున జరుపుతూ వరస ఫొటోలు తీయండి. బట్టను గాలి కదపకుండా ఫ్యాను ఆపేయండి.

తరచూ జరిగే తప్పులు

ఫోకస్ చేసి, బటన్ సగం నొక్కి ఉంచి, ఫ్రేము మార్చడం. ఎఫ్/1.8 చెడగొట్టే అలవాట్లలో మొదటిది ఇదే. 2 మీటర్ల దగ్గర కంటి మీద ఫోకస్ చేసి కెమెరాను 15 డిగ్రీలు తిప్పితే, ఫోకస్ తలం కంటికి దాదాపు 7 సెం.మీ. వెనక్కి పోతుంది. ముందు వైపు మీకున్న వెసులుబాటు అయిదున్నర సెంటీమీటర్లే. ఫోకస్ పాయింట్‌నే కంటి మీదికి జరపండి.

“ఫీల్డ్ లోతు ముందు ఒక వంతు, వెనక రెండు వంతులు” అన్న మాటను అన్నిచోట్లా నమ్మడం. అది ఒకే ఒక్క దూరానికి నిజం. దగ్గరి ఫొటోల్లో ముందూ వెనకా దాదాపు సమానమే. దూరం పోయేకొద్దీ వెనక వైపు పెరిగి చివరకు అనంతాన్ని అందుకుంటుంది.

అంతా షార్ప్‌గా రావాలని ఎఫ్/22 పెట్టడం. లోతు పెరుగుతుంది కానీ కాంతి వివర్తనం (ఇరుకు రంధ్రంలోంచి వచ్చేటప్పుడు కాంతి పక్కలకు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. రామతీర్థం కొండను ముందున్న బండలతో కలిపి తీయాలంటే 18 మి.మీ., ఎఫ్/8 పెట్టి, 2 మీటర్ల దూరంలో ఫోకస్ చేయండి. సుమారు 1 మీటరు నుంచి అనంతం దాకా వస్తుంది.

ఫోనుతో పోల్చుకోవడం. ఫోను సెన్సర్ చిన్నది కాబట్టి ఫీల్డ్ లోతు సహజంగానే ఎక్కువ. పోర్ట్రెయిట్ మోడ్‌లో వచ్చే బ్లర్ చాలావరకు లెక్కలతో గీసినదే. మీ కెమెరాను దానితో పరీక్షించలేరు.

ఇవన్నీ చేశాక కూడా తేడా మిగిలితే సర్వీసు సెంటర్‌కు వెళ్లండి. లెన్స్ ఒక్కటే పంపకండి, కెమెరా బాడీని కూడా ఇవ్వండి. రెండూ కలిపి సరిచూస్తేనే సర్దుబాటు కుదురుతుంది. మెనూలో మీరు మార్చిన ఆటోఫోకస్ అంకెను ముందు సున్నాకు తెండి. పైన 4వ దశలో తీసిన ఆరు ఫొటోలు, లైవ్ వ్యూ ఫొటో, గోడ ఫొటోలు రెండూ ఏ మార్పూ చేయకుండా పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి. దూరం, లెన్స్, ఎఫ్ నంబరు కాగితం మీద రాసి జత చేయండి. తిరిగి తీసుకునేటప్పుడు ఆ కౌంటర్ దగ్గరే ఎఫ్/1.8లో మళ్లీ ఒకసారి తీసి చూసుకోండి.